విశాఖ పెరట్లో పెద్ద తాబేలు: సల్కాటా, అల్డాబ్రా, గాలాపగోస్‌లలో ఏది ఎవరికి?

2013లో నేను ఎంవీపీ కాలనీలో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. అక్వేరియం చేపలకి మేత కొందామని వెళ్లి, అగ్గిపెట్టెంత తాబేలు పిల్లతో తిరిగొచ్చాను. "టీ సాసర్ కంటే పెరగదండీ" అన్నాడు కొట్టాయన. అది సల్కాటా జాతిది. గుండు అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడది ఆనందపురం దగ్గర మా నాయనమ్మ స్థలంలో ఉంటోంది. కిందటి సంక్రాంతికి పాత ఇనుము కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెడితే నలభై మూడు కిలోలు తూగింది. కొట్టాయన కిలోకి ఎంత ఇవ్వమంటారని నవ్వాడు.

ఫోన్లో వీడియోలు చూసి "మాకూ ఒకటి కావాలి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లకి విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. ముందే నా మాట చెప్పేస్తాను: విశాఖలో ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి సల్కాటా, అల్డాబ్రా, గాలాపగోస్ అనే ఈ మూడు పెద్ద తాబేళ్లలో ఏదీ పనికిరాదు. సొంత స్థలం, ఇంట్లో ఒక తరం తర్వాత కూడా చూసుకునే మనిషి, చేతిలో కాగితాలు, ఈ మూడూ ఉన్నవాళ్లు మిగతాది చదవండి. ఇప్పటికే ఒకటి ఇంట్లో ఉన్నవాళ్లయితే తప్పకుండా చదవండి.

మొదటి అడుగు: ఏది ఏదో గుర్తుపట్టండి

సల్కాటా ఆఫ్రికాది. సహారా ఎడారి దక్షిణపు అంచున సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉండే పొడి నేలల్లో పుట్టింది. ఒంటి రంగు ఇసుక రంగు, గోధుమ రంగు. తొడల వెనక పెద్ద పెద్ద ముళ్లలాంటి పొలుసులు ఉంటాయి. ఖండాల మీద బతికే మెట్ట తాబేళ్లలో ఇదే అన్నిటికంటే పెద్దది. మగవి రెండున్నర అడుగుల పొడవు దాటతాయి, ఎనభై నుంచి వంద కిలోల దాకా బరువు పెరిగినవి ఉన్నాయి.

అల్డాబ్రా మన హిందూ మహాసముద్రంలోదే. సీషెల్స్ దేశానికి చెందిన అల్డాబ్రా పగడపు దీవుల్లో ఇవి ఇప్పటికీ దాదాపు లక్ష ఉన్నాయి. ఆ దీవులకి 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. పాతకాలంలో ఓడల వాళ్లు వీటిని ప్రాణాలతోనే ఓడ అడుగున పడేసుకుని, నెలల తరబడి తాజా మాంసంగా వాడుకునేవారు. చుట్టుపక్కల దీవుల్లో అలా ఖాళీ అయిపోయాయి. 1874లో డార్విన్‌తో సహా కొందరు శాస్త్రవేత్తలు వీటిని కాపాడమని మారిషస్ గవర్నర్‌కి అర్జీ పెట్టుకున్నారంటే పరిస్థితి ఊహించుకోండి. మగది రెండు వందల యాభై కిలోల దాకా పెరుగుతుంది, ఆడది నూట యాభై దాకా.

గాలాపగోస్‌ది పసిఫిక్ వైపు, ఈక్వడార్ దేశం. చూపులకి అల్డాబ్రాకి అన్నదమ్ముల్లా ఉంటుంది, బరువు ఇంకా ఎక్కువే. రెంటికీ తేడా తెలియాలంటే మెడ పైన, డిప్ప ముందు అంచు నడిమధ్య చూడండి. అల్డాబ్రాకి మామూలుగా అక్కడ ఒక చిన్న పలక విడిగా ఉంటుంది. గాలాపగోస్‌కి ఉండదు. గాలాపగోస్ వాటిలో కొన్ని దీవులవాటికి డిప్ప ముందు భాగం గుర్రపు జీనులా పైకి లేచి ఉంటుంది.

నాలుగోది ఒకటుంది, పెద్దది కాదు గానీ ఇక్కడే చెప్పాలి. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే అది మన నక్షత్ర తాబేలు. శ్రీకూర్మం గుళ్లో చూసే ఉంటారు. మన రాయలసీమ అడవుల్లో పుట్టిన జీవి, వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇంట్లో పెట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతిక వేల జరిమానా. "ఇది సల్కాటాలోనే కొత్త రకం, డిజైన్ వచ్చింది" అని చూపిస్తే ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి.

రెండో అడుగు: కాగితాలు లేని తాబేలు కొనకండి

అడవి జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసేది సైటిస్ ఒప్పందం. సల్కాటా, అల్డాబ్రా రెండూ దాని రెండో అనుబంధంలో ఉన్నాయి. గాలాపగోస్ మొదటి అనుబంధంలో ఉంది. అంటే దాని వ్యాపారం దాదాపు మూసుకుపోయినట్టే. "గాలాపగోస్ పిల్ల ఉంది, రేటు కాస్త ఎక్కువ" అని మీకు ఎవరైనా చెప్తే, ఒకటి వాడు మీకు అల్డాబ్రాని అంటగడుతున్నాడు, లేదా మిమ్మల్ని కేసులో ఇరికిస్తున్నాడు. పోలిక కోసం దీని పేరు ముందు ముందు కూడా వస్తుంది గానీ, కొనే జాబితా నుంచి ఇప్పుడే కొట్టేయండి.

మిగతా రెంటి సంగతి. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. సైటిస్ జాబితాలోని విదేశీ జీవాలన్నీ నాలుగో షెడ్యూల్‌లోకి చేరాయి. వాటిని ఉంచుకునేవాళ్లు నమోదు చేయించుకోవాలి. 2024 ఫిబ్రవరిలో దానికి నిబంధనలు వచ్చాయి. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, అది మన రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పరిశీలనకి వెళ్తుంది. కొత్తగా తెచ్చుకుంటే నెల రోజుల్లోపే పెట్టాలి. గుడ్లు పొదిగి పిల్లలు వచ్చినా, ఇంకొకరికి ఇచ్చినా, చచ్చిపోయినా తెలియజేయాలి.

గుండు విషయంలో నాకు అదృష్టం కలిసొచ్చింది. 2020లో కేంద్రం విదేశీ జీవాలు ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా ప్రకటించుకోమని ఆరు నెలల గడువిచ్చింది. అప్పుడు ప్రకటించాను, ఆ కాగితం పెట్టి 2024లో నమోదు చేయించాను. ఆ రసీదు మా ఇంట్లో ఆధార్ కార్డులతో పాటే బీరువాలో ఉంటుంది.

అమ్మేవాణ్ణి మూడు అడగండి: తల్లిదండ్రులు ఎవరి దగ్గర నమోదై ఉన్నాయి, ఈ పిల్ల పుట్టినట్టు ఎక్కడ రాసుంది, మీ పేరుకి మార్చిన కాగితం ఎప్పుడిస్తారు. వాట్సాప్‌లో ఫొటో పంపి "డోర్ డెలివరీ" అనేవాడి దగ్గర ఈ మూడింటికీ జవాబు ఉండదు. ఏ సందేహం ఉన్నా అటవీ శాఖ కార్యాలయానికి నేరుగా వెళ్లి అడగండి. కొనకముందు అడిగితే మంచినీళ్లిచ్చి మాట్లాడతారు. కొన్నాక అడిగితే మాట తీరు మారుతుంది.

మూడో అడుగు: ఎవరి ఆయుష్షు ముందు అయిపోతుందో లెక్కేయండి

హైదరాబాద్ నెహ్రూ జూలో చాణక్య అనే గాలాపగోస్ తాబేలు 2024 మార్చిలో చనిపోయింది. వయసు నూట పాతికేళ్లని జూ వాళ్లు చెప్పారు. 1963లో బాగే ఆమ్ (నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్) నుంచి దాన్ని అక్కడికి తెచ్చారు. మన నాన్నలు చిన్నప్పుడు చూసిన తాబేలునే మన పిల్లలూ చూశారన్నమాట. కోల్‌కతా అలీపూర్ జూలో అద్వైత అనే అల్డాబ్రా 2006లో పోయింది. అది ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవ్ తోటలో ఉండేదని చెబుతారు. అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలెనా దీవిలో జొనాథన్ అనే సీషెల్స్ తాబేలుని 1882లో తెచ్చారు. అప్పటికే పెద్దది కాబట్టి పుట్టింది 1832 ప్రాంతమని అంచనా వేశారు.

సల్కాటా అంత దూరం పోదు గానీ డెబ్బై ఏళ్ల దాకా బతకగలదని చెబుతారు. నాకిప్పుడు నలభై ఆరు. నేను పోయేసరికి గుండు మధ్య వయసులో ఉంటుంది. అందుకే మా చెల్లి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరేయ్, స్థలం నీకు రాస్తాను, తాబేలు కూడా దాంతోపాటే" అని చెప్పాను. వాడు ఒప్పుకున్నాక కాగితం మీద పెట్టాం. మీ ఇంట్లో అలా ఒప్పుకునే మనిషి పేరు ఇప్పుడే నోటికి రాకపోతే, అల్డాబ్రా ఆలోచన ఇక్కడే ఆపేయండి.

నాలుగో అడుగు: స్థలం, గోడ, పునాది

అన్నిటికంటే డబ్బు పోయేదీ, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే.

సల్కాటాకి నా లెక్క ఒక్కదానికి కనీసం నాలుగు సెంట్లు, అంటే సుమారు రెండు వందల గజాలు. అందులో సగం గడ్డి ఉండాలి. అల్డాబ్రా ఒక్కదానికి పది సెంట్లు చాలవనే అంటాను. పైగా నేల గట్టిగా, సమంగా ఉండాలి. రెండు వందల కిలోల జీవి వాలు మీద తలకిందులైతే మీరొక్కరూ లేవదీయలేరు. ఎండలో వెల్లకిలా పడ్డ తాబేలు గంటల్లో చచ్చిపోతుంది.

రెంటికీ అసలు తేడా తవ్వడంలో ఉంది. అల్డాబ్రా, గాలాపగోస్ రెండూ బొరియలు తవ్వవు. పల్లంలో బురద చేసుకుని పడుకుంటాయి, అంతే. సల్కాటాకి తవ్వడమే బతుకు. దాని సొంత దేశంలో ఎండ నుంచి తప్పించుకోవడానికి మూడు మీటర్లకి పైగా లోతుకి పోతుంది. విశాఖ చుట్టుపక్కల మన ఎర్రమట్టి మెత్తన, దానికి కేకు ముక్కలాంటిది. గుండు ఐదో ఏట ఒక వానాకాలం మా ప్రహరీ కింద నుంచి పక్కవాళ్ల వంగతోటలో తేలింది. ఆ మరుసటి ఏడు సెప్టిక్ ట్యాంక్ పక్కన తవ్వడం మొదలుపెట్టింది. ట్యాంక్ గోడ కనిపించినప్పుడు మా అమ్మకి టెన్షన్‌తో బీపీ పెరిగింది.

అప్పుడు మేస్త్రీని పిలిచి, ప్రహరీ లోపలివైపు రెండడుగుల లోతు కందకం తీసి కాంక్రీటు పోయమన్నాను. "తాబేలుకి పునాదులేటి బాబూ?" అని పని ఆపి నా మొహం చూశాడు. గుండుని చూపించాక ఇంకో అరడుగు లోతు తనే వేశాడు.

గోడ ఎత్తు రెండున్నర అడుగులు చాలు. ఎత్తు కంటే ముఖ్యం, గోడకి అవతలివైపు కనిపించకూడదు. వల కంచె, ముళ్ల తీగ పనికిరావు. అవతల గడ్డి కనిపిస్తే అటే నడుస్తుంది, అడ్డొచ్చినదాన్ని రోజంతా తలతో, భుజంతో తోస్తుంది. అల్డాబ్రా అయితే తవ్వదు గానీ ఆ తోపుడికి పలచటి గోడ నిలబడదు. దానికి కాంక్రీటు స్తంభాల మధ్య దుంగలు గానీ, గట్టి రాతి గోడ గానీ కావాలి. గేటు కింద సందు ఉండకూడదు. నేల బావి ఉంటే చుట్టూ ఒర కట్టించాలి. సెప్టిక్ ట్యాంక్, బోరు మోటారు, మురుగు గొట్టాలు అన్నీ తాబేలు తిరిగే చోటికి బయట ఉండాలి.

ఇక రాత్రి గూడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రేకుల పైకప్పులు కాగితాల్లా ఎగరడం చూశాం కదా. గూటికి రేకులు వద్దు. మోకాలెత్తు ఇటుక గోడల మీద కాంక్రీటు పలక వేయించండి, పైన మట్టి పోసి గడ్డి నాటండి. లోపల నేల చుట్టూ ఉన్న నేల కంటే అరడుగు ఎత్తుండాలి, లేకపోతే తుఫాను వానకి నీళ్లు నిలుస్తాయి. తలుపు బదులు మందపాటి రబ్బరు పట్టీలు వేలాడదీస్తే తోసుకుని వెళ్లిపోతుంది.

ఐదో అడుగు: మన గాలి, మన ఎండ దేనికి పడతాయి

మనసులో మాట చెప్పాలంటే, వాతావరణం ఒక్కటే చూస్తే విశాఖకి అల్డాబ్రానే సరైనది. సముద్రపు గాలి, ఉక్కపోత, వేడి, వానలు, అన్నీ దాని ఊళ్లో ఉన్నవే. సల్కాటా పొడి నేలది. వేడిలో తేమ ఉన్నా తట్టుకుంటుంది. చలి, తడి కలిసొస్తేనే దానికి ప్రమాదం. మనకి డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పద్దెనిమిది డిగ్రీల దగ్గరికి వస్తుంది. గూడు పొడిగా ఉంటే పెద్ద తాబేలుకి అది లెక్క కాదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి మూడు నాలుగు రోజులు ముసురు ఆగకపోతే మాత్రం గుండుని గూట్లోనే ఉంచి, కింద ఎండుగడ్డి మారుస్తూ ఉంటాను. ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి, తిండి మానేయడం కనిపిస్తే న్యుమోనియా అనుకుని ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ మూడింట్లో ఏదీ చలికాలం నిద్రకి పోదు. "పడుకుందిలే" అని వదిలేయకండి.

అల్డాబ్రా దీవిలో కూడా పొద్దెక్కేలోపు నీడకి చేరలేని తాబేళ్లు ఎండకి చచ్చిపోతాయి. మన మే నెల గురించి చెప్పక్కర్లేదు. కానుగ, వేప చెట్ల నీడ ఉంటే మంచిది. మామిడి చెట్టు కింద మాత్రం పెట్టకండి. రాలిన కాయలన్నీ మింగేసి వారం రోజులు విరేచనాలతో పడుకుంటుంది. మాకు రెండు వేసవులు పట్టింది ఆ సంగతి తెలియడానికి.

నీళ్లకి లోతు లేని, అంచు వాలుగా ఉన్న తొట్టి కట్టించండి. అల్డాబ్రా ముక్కుపుటాల తీరే వేరు, రాతి గుంటలో కాసిని నీళ్లున్నా ముక్కుతో పీల్చి తాగగలదు. అయినా అది నీళ్లలో కూర్చోవడానికే ఎక్కువ ఇష్టపడుతుంది. తొట్టి నీళ్లు రోజూ మార్చాలి. దాంట్లోనే మలం వేస్తుంది, దోమలూ చేరతాయి.

ఆరో అడుగు: తిండి

గడ్డి. ఈ ఒక్క మాటతో ముగించొచ్చు గానీ మన ఇళ్లల్లో అలా కుదరదు. తాబేలంటే కూర్మావతారం. వచ్చిన ప్రతివాళ్లూ అరటిపండు, కొబ్బరి ముక్క, ప్రసాదం పెట్టాలని చూస్తారు. మా పెద్దత్త ఒకసారి దద్దోజనం పెట్టింది. ఆవిడకి కోపం రాకుండా చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సల్కాటా తిండిలో పదింట తొమ్మిది వంతులు గడ్డే ఉండాలి. మనకి దొరికేవాటిలో గరిక అన్నిటికంటే మంచిది. వినాయక చవితికి కట్టలు కొనే బదులు పెరట్లో పరిచేయండి. మందార ఆకులు, పువ్వులు, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు బాగా తింటుంది. మునగాకులో మాంసకృత్తులు ఎక్కువ, వారానికి ఒక రెమ్మ చాలు. పాలకూర, తోటకూర రోజూ పెడితే వాటిలోని ఆక్సలేట్లు కాల్షియంని పట్టేస్తాయి. అల్డాబ్రా కూడా గడ్డి మేసేదే. దాని దీవిలో వేల ఏళ్లుగా ఇవి మేసీ మేసీ నేలకి అంటుకుని పెరిగే పొట్టి గడ్డి జాతులు తయారయ్యాయి. ఆకులు, రాలిన పండు ఒకటీ అరా సల్కాటా కంటే ఎక్కువ అరిగించుకుంటుంది గానీ ఒక పెద్ద అల్డాబ్రాకి రోజూ గడ్డి మోపులు కొనాల్సిందే. ఆవుని పెంచుతున్నామనుకోండి, పాలు ఇవ్వదంతే.

అన్నం, కుక్క బిస్కెట్లు, శనగలు, పాలు, గుడ్డు వద్దే వద్దు. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఉంటే పీకేయండి, అవి విషం.

కాల్షియంకి మన బీచ్‌లోనే మందుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చే తెల్లటి తేలిక బిళ్లలు, మనవాళ్లు సముద్రపు నురుగు అనేవి, కటిల్ చేప ఎముకలే. భీమిలి వైపు పొద్దున్నే నడిస్తే దొరుకుతాయి. నాలుగైదు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి గూటి దగ్గర పడేయండి. కావాల్సినప్పుడు అదే కొరుక్కుంటుంది.

ఏడో అడుగు: పిల్ల తాబేలుకి మొదటి మూడేళ్లు

పెద్ద సల్కాటా పొడి నేలది కాబట్టి పిల్లకీ పొడిగా ఉండాలనుకుంటారు. నేనూ అదే చేశాను. గుండు డిప్ప మీద పలకలు చిన్న చిన్న గోపురాల్లా లేచాయి, ఇక తగ్గవు. అడవిలో పిల్లలు తేమగా ఉండే బొరియల్లో, వేళ్ల మొదట్లో దాక్కుని పెరుగుతాయి. పొడి గదిలో, ఎక్కువ తిండితో పెరిగితే డిప్ప అలా గోపురాలు కడుతుంది. అల్డాబ్రా పిల్లకీ ఇదే వర్తిస్తుంది.

పెద్ద ప్లాస్టిక్ టబ్బులో తడిపి పిండిన కొబ్బరి పొట్టు నాలుగు అంగుళాలు పరచండి. మన దగ్గర కొబ్బరి పొట్టుకి కొదవలేదు. రోజూ పొద్దున్న గడ్డం దాకా వచ్చేలా గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచండి. సల్కాటాకి మూత్రాశయంలో రాళ్లు కట్టే అలవాటు ఉంది, నీళ్లు తక్కువైతే అవి పెరుగుతాయి.

ఎండ సంగతి నాకు హుద్‌హుద్ నేర్పింది. అంతవరకూ వేలు పోసి కొన్న యూవీ దీపం కింద ఉంచేవాణ్ణి. తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. దిక్కుతోచక పొద్దున్నే టెర్రస్ మీదకి తీసుకెళ్లి టబ్బులో వదిలాను. వారంలో అది అంతకుముందెప్పుడూ లేనంత చురుగ్గా తిరిగింది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు పొద్దున్న ఎండ గంటసేపు చాలు, దీపం అక్కర్లేదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ మాత్రం లెక్కలోకి రాదు. డిప్ప గట్టిపడటానికి కావాల్సిన కిరణాలని అద్దం ఆపేస్తుంది. టెర్రస్ మీద పెట్టినప్పుడు సగం నీడ ఉంచండి, పైన వల కట్టండి. కాకులు కళ్లు పొడుస్తాయి. నేల మీదైతే ముంగిస, పందికొక్కు, వీధి కుక్కలు, ఎర్ర చీమలు, అన్నీ శత్రువులే.

ఎనిమిదో అడుగు: డాక్టర్‌ని ముందే వెతుక్కోండి

కుక్కల్ని, పశువుల్ని చూసే డాక్టర్లందరికీ తాబేలు వైద్యం చేసిన అనుభవం ఉండదు. ఒకసారి ఒక డాక్టర్ నులిపురుగులకి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ సిద్ధం చేశారు. పశువులకి మామూలుగా ఇచ్చేదే. తాబేళ్లకి అది ప్రాణాంతకం. నేను ఎక్కడో చదివి ఉండటం వల్ల ఆపగలిగాను, ఆయన కూడా పుస్తకం తీసి చూసి వద్దన్నారు. ఈ ఒక్క మందు పేరు గూడు మీద పెయింట్‌తో రాసిపెట్టుకోండి.

నెలకోసారి బరువు చూడండి. పిల్లైతే వంటింటి కాటా చాలు, పదేళ్లు దాటితే పాత ఇనుము కొట్టే దిక్కు. ఇక్కడ కూడా సల్కాటాకీ అల్డాబ్రాకీ తేడా తెలుస్తుంది. సల్కాటాని ఇద్దరు మగాళ్లు గోనెసంచి మీద పెట్టి ఆటో ఎక్కించగలరు. అల్డాబ్రాకి జబ్బు చేస్తే డాక్టరే మీ పెరట్లోకి రావాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా తాబేళ్ల మీద ఉంటుంది, చిన్నపిల్లలకి ప్రమాదం.

తొమ్మిదో అడుగు: గుణాలు, తోడు

అల్డాబ్రా, గాలాపగోస్ మనుషుల్ని త్వరగా మరిగిపోతాయి. మెడ కింద నిమిరితే కాళ్ల మీద పైకి లేచి, మెడ బారుగా చాచి, కదలకుండా నిలబడతాయి. గాలాపగోస్‌లో పిచ్చుకల్లాంటి చిన్న పిట్టలు వచ్చి మెడ మడతల్లోని గోమార్లు ఏరుకోవడానికి అలా నిలబడటం వాటికి అలవాటు. చూస్తే ముచ్చటేస్తుంది. సల్కాటా మగది మొండిఘటం. గుండుకి బక్కెట్లంటే పడదు, ముఖ్యంగా నీలం బక్కెట్లంటే. గొంతు కింద ముందుకు పొడుచుకొచ్చిన పలకతో గుద్ది తిరగేస్తుంది. రెండో మగ తాబేలు ఉంటే దాన్నీ అలాగే తిరగేస్తుంది.

అందుకే "ఒంటరిగా ఉంది, తోడు తెద్దాం" అనుకోకండి. రెండు మగవి కలిస్తే యుద్ధం. ఒక మగ, ఒక ఆడ అయితే ఆడదానికి తిండి తినే తీరిక ఉండదు, డిప్ప వెనక భాగం అరిగిపోతుంది. పైగా సల్కాటా ఆడది ఒక్క కాన్పులో పదిహేను నుంచి ముప్ఫై గుడ్లు పెడుతుంది. పుట్టిన ప్రతి పిల్లనీ నమోదు చేయించాలి, ప్రతి పిల్లా వంద కిలోలు కాగలదు. పిల్లగా ఉన్నప్పుడు ఆడో మగో చెప్పలేం. పొదిగే వేడిని బట్టి అది నిర్ణయమవుతుంది. "గ్యారంటీ ఆడదండీ" అని అమ్మేవాడి మాట నమ్మకండి.

పదో అడుగు: ఇక పెంచలేమనుకుంటే

ఉద్యోగం బదిలీ కావచ్చు, స్థలం అమ్మేయాల్సి రావచ్చు. అప్పుడు జనం చేసే తప్పులు రెండు. ఒకటి, రాత్రిపూట తీసుకెళ్లి కంబాలకొండ అడవి అంచునో, సింహాచలం కొండ దగ్గరో వదిలేయడం. అది నేరం. ఆ జీవికి అక్కడ నీటి జాడ తెలియదు, దానికి ఉన్న జబ్బులు మన అడవిలోని తాబేళ్లకి అంటుకుంటాయి. రెండు, గుడి కోనేట్లో వదలడం. ఇవి మెట్ట తాబేళ్లు, నీటి తాబేళ్లలా ఈదలేవు. కోనేట్లో వేస్తే మునిగి చస్తాయి. పుణ్యం మాట అటుంచండి.

జూకి ఇచ్చేద్దామనుకున్నా నేరుగా ఎండాడలోని విశాఖ జూ గేటు దగ్గర దింపి రావడం కుదరదు. ముందు అటవీ శాఖకి రాతపూర్వకంగా తెలియజేయండి, నమోదు కాగితం నకలు జత చేయండి. తీసుకునే మనిషిని మీరే వెతుక్కుంటే, వాళ్ల గోడ కింద పునాది ఉందో లేదో వెళ్లి చూసి, పోర్టల్‌లో బదిలీ నమోదు అయ్యాకే పంపండి. పంపేటప్పుడు ఏం తింటుందో, ఎంత బరువుందో, ఏ మందులు పడవో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నేను మా చెల్లి కొడుక్కి రాసిచ్చిన కాగితంలో ఆఖరి వరస: నీలం బక్కెట్ కొనకు.